బీటిల్స్ మొదటి ఆల్బమ్ 'ప్లీజ్ ప్లీజ్ మీ': మీ దగ్గర ఏ ఏ ప్రెస్సింగులు ఉన్నాయి? (మా నాన్నగారి కాపీ గురించి సలహా కూడా కావాలి)

ఖరగ్‌పూర్_కుర్రాడు:
అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. మా నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు, మేం పుట్టి పెరిగిందంతా అక్కడే, ఇంట్లో తెలుగు, గడప దాటితే బెంగాలీ. ఆయనకి పాటలంటే ప్రాణం. ఘంటసాల గారివి, లీల గారివి ప్లేట్లు బోలెడు ఉండేవి, వాటి మధ్యలో ఒకే ఒక్క ఇంగ్లీషు ఎల్పీ, అదే ఈ 'ప్లీజ్ ప్లీజ్ మీ'. కలకత్తా వెళ్ళినప్పుడు కొన్నానని చెప్పేవారు. అట్ట వెనకాల నీలం సిరాతో ఆయన సంతకం, కింద 14-11-65 అని తారీఖు ఉంది.

నాన్నగారు పోయాక అమ్మని విశాఖ తెచ్చేసుకున్నాం, ప్లేట్లన్నీ ట్రంకు పెట్టెలోనే ఉండిపోయాయి. పోయిన నెల తీస్తే అట్ట అంచులు చెదపురుగులు కొంచెం తినేశాయి గానీ ప్లేటు బానే ఉంది. ఇప్పుడు విషయం ఏంటంటే నేను ఈ ఆల్బమ్ ప్రెస్సింగులు (వేర్వేరు చోట్ల, వేర్వేరు సార్లు నొక్కిన ప్లేట్లు) పోగు చేద్దామని మొదలుపెట్టాను, ఒకాయన నాకు ఇంగ్లండు కాపీ ఒకటి ఇస్తాను, దానికి బదులు మీ ఇండియా కాపీ, పైన కొంత డబ్బు ఇమ్మంటున్నారు. ఆయనది ఫస్ట్ ప్రెస్, అంటే మొట్టమొదట నొక్కిన వాటిలోది అంటున్నారు. ఇవ్వొచ్చా? అసలు ఫస్ట్ ప్రెస్ అని ఎలా తెలుస్తుంది? మీ దగ్గర ఏమేం ఉన్నాయో కూడా చెప్పండి.

ఆబిడ్స్_ఆదివారం:
అన్నా ముందుగాల్ల ఆ ప్లేటు ఎవ్వరికి ఇయ్యకు. నాయిన సంతకం ఉన్న ప్లేటుకు బదులు ఏమొస్తది చెప్పు. మిగిలినయి మెల్లగ మాట్లాడుకుందాం.

లండన్_చలి:
ఇవ్వకండి అనే నేనూ అంటాను, కానీ ముందు ఆయన కాపీ లేబులు (ప్లేటు మధ్యలో ఉండే గుండ్రటి కాగితం) ఫొటో అడగండి. లేబులు రంగు ఏంటి? బంగారు రంగు అక్షరాలా, పసుపు అక్షరాలా? ఫస్ట్ ప్రెస్ సంగతి అక్కడే సగం తేలిపోతుంది.

కొత్తగా_మొదలు:
మధ్యలో అడుగుతున్నందుకు సారీ అండి, ప్రెస్సింగు ప్రెస్సింగుకీ తేడా ఏముంటుంది? పాటలు అవే కదా, ఒకే టేపు నుంచి వచ్చినవే కదా?

పాతముల్లు:
సారీ ఎందుకండీ, అడగాల్సిన ప్రశ్నే ఇది. టేపు ఒకటే అయినా టేపుకీ మన చేతిలో ప్లేటుకీ మధ్య చాలా మెట్లున్నాయి. ముందు టేపు పెట్టి లాకర్ అనే మెత్తటి పూత వేసిన పళ్ళెం మీద గాడి కోస్తారు, అది కోసే మనిషి చేతిలోనే సగం ధ్వని ఉంటుంది, బేసు ఎంత వదలాలి, గొంతు ఎంత పైకి లేపాలి అన్నది. ఆ లాకర్ పళ్ళెం మీద లోహం పట్టించి ఒక తిరగేసిన అచ్చు తీస్తారు, దాన్నుంచి మళ్ళీ తిన్నగా ఉండే మదర్, ఆ మదర్ నుంచి స్టాంపర్లు, ఆ స్టాంపరుతో వేడి వినైల్‌ని నొక్కితే ప్లేటు. ఒక స్టాంపరు వందల ప్లేట్లు నొక్కేసరికి అరిగిపోతుంది, అంచులు మొద్దుబారతాయి, అప్పుడు కొత్త స్టాంపరు పెడతారు. కాబట్టి స్టాంపరు కొత్తగా ఉన్నప్పుడు నొక్కిన ప్లేటుకీ అరిగాక నొక్కినదానికీ సింబల్స్ (డ్రమ్స్ పక్కన ఉండే ఇత్తడి తాళాలు) దగ్గర, గొంతు అంచు దగ్గర తేడా చెవికి తెలుస్తుంది. ఇక ఇరవై ఏళ్ళ తర్వాత వేరే మనిషి వేరే మెషీను మీద మళ్ళీ కోస్తే అది ఇంకో ప్లేటు కిందే లెక్క.

ఈ ఆల్బమ్ విషయంలో ఇంకోటుంది, మోనో (ధ్వని అంతా ఒకే దారిలో వచ్చేది) వేరు, స్టీరియో (ఎడమ, కుడి రెండు దారుల్లో వచ్చేది) వేరు. రెండూ విడివిడిగా మిక్స్ చేసినవి. అది మనవాళ్ళు ఎవరైనా విడమర్చి చెప్తారు.

మోనో_మాత్రమే:
నేను చెప్తాను, నాకు దీని గురించి చెప్పమంటే పొద్దు తెలీదు.

1963 ఫిబ్రవరి 11న లండన్ అబ్బే రోడ్ స్టూడియో రెండులో పొద్దున్న 10 గంటలకి మొదలుపెట్టి రాత్రి 10:45కి ముగించారు, ఆ ఒక్క రోజులో 10 పాటలు. మిగతా 4 అప్పటికే వచ్చిన రెండు సింగిల్స్ పాటలు. మొత్తం 14. జార్జ్ మార్టిన్ ప్రొడ్యూసర్, నార్మన్ స్మిత్ ఇంజినీరు. టేపు మీద రెండే ట్రాకులు, ఒకదాని మీద వాయిద్యాలు, ఇంకోదాని మీద గొంతులు. ఇలా పెట్టుకుంది స్టీరియో కోసం కాదు, రెండూ కలిపి మోనో చేసేటప్పుడు పాళ్ళు సరిచూసుకోవడానికి. అదే టేపుని ఉన్నది ఉన్నట్టు స్టీరియో కింద వదిలేసరికి ఒక చెవిలో గిటార్లూ డ్రమ్స్, ఇంకో చెవిలో పాడేవాళ్ళు. హెడ్‌ఫోన్స్‌లో వింటే వాళ్ళు నలుగురూ రెండు గదుల్లో ఉన్నట్టు ఉంటుంది. మోనోలో ఒకే దెబ్బగా వచ్చి గుండెకి తగుల్తుంది. అప్పుడు అందరి ఇళ్ళలో ఉన్నది మోనో ప్లేయర్లే, వాళ్ళు శ్రద్ధ పెట్టింది మోనో మీదే.

మోనో 1963 మార్చి 22న వచ్చింది, నెంబరు పీఎంసీ 1202. స్టీరియో పీసీఎస్ 3042, అది ఏప్రిల్ 26న.

జెర్సీ_అక్క:
మోనో బాబూ, నువ్వు చెప్పింది ఒప్పుకుంటాను గానీ స్టీరియోని అంత తీసిపారేయకు. స్టీరియోలో 'ప్లీజ్ ప్లీజ్ మీ' పాట చివరి చరణం విన్నావా ఎప్పుడైనా? పాడే జాన్ లెనన్ పాటలో ఒక మాట తడబడతాడు, వెంటనే 'కమాన్' దగ్గర నవ్వు ఆపుకోలేకపోతాడు. మోనోలో అది లేదు, వేరే టేకు. ఆ నవ్వు కోసమే నేను స్టీరియో కాపీ ఉంచుకున్నాను. పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో విన్న మొదటి ప్లేటు అది, ఆ నవ్వు దగ్గర మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం, ఇప్పటికీ ఆ చోటు వస్తే చేతిలో పని ఆపేస్తాను.

మోనో_మాత్రమే:
అక్కా ఆ నవ్వు గురించి మీరు చెప్పింది నిజం, అది నాకూ ఇష్టమే. పేరు మార్చుకోను గానీ ఒప్పుకుంటాను.

స్టీరియోలో ఇంకో సంగతి, 'లవ్ మీ డూ', 'పీఎస్ ఐ లవ్ యూ' రెండూ నిజం స్టీరియో కావు. వాటికి రెండు ట్రాకుల టేపు మిగల్లేదు, అందుకని మోనోనే తీసుకుని ఒక వైపు బేసు, ఇంకో వైపు ట్రెబుల్ ఎక్కువ పెట్టి స్టీరియోలా అనిపించేట్టు చేశారు.

లండన్_చలి:
సరే ఇప్పుడు కుర్రాడి ప్రశ్నకి వస్తా. ఓపిగ్గా చదవండి, ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది.

బీటిల్స్ ప్లేట్లు వేసిన పార్లోఫోన్ కంపెనీ అప్పటిదాకా నల్ల లేబులు మీద బంగారు రంగు అక్షరాలు వేసేది. ఈ ఆల్బమ్ వచ్చిన కొద్ది వారాలకే డిజైను మార్చి నలుపు మీద పసుపు లోగో పెట్టారు. కాబట్టి బంగారు లేబులుతో వచ్చినవి మాత్రమే మొట్టమొదటివి. అందులోనూ రెండు రకాలు ఉన్నాయి. మొట్టమొదట వచ్చిన వాటిలో వాళ్ళు సొంతంగా రాసుకున్న నాలుగు పాటల కింద ('ఐ సా హర్ స్టాండింగ్ దేర్', 'మిజరీ', 'డూ యూ వాంట్ టు నో ఎ సీక్రెట్', 'దేర్స్ ఎ ప్లేస్') డిక్ జేమ్స్ అనే పబ్లిషర్ పేరు ఉంటుంది. అప్పుడే వాళ్ళ పాటల కోసం నార్తర్న్ సాంగ్స్ అని కంపెనీ పెట్టారు, దాంతో తర్వాత వచ్చిన బంగారు లేబుళ్ళ మీద ఆ పేరు వచ్చింది. లేబులు మీద రచయితల పేర్లు కూడా చూడండి, మెకార్ట్నీ-లెనన్ అని ఉంటుంది, తర్వాత ప్రపంచానికి అలవాటైన వరస దానికి తిరగేసింది.

ఇక పసుపు లేబుళ్ళలో కాలం పట్టుకోవడం. 1964 నుంచి లేబులు మధ్యలో 'సోల్డ్ ఇన్ యూకే' అని మొదలయ్యే ఒక వాక్యం వచ్చి చేరింది, ఫలానా ధర షరతుల మీద అమ్ముతున్నాం అని. లేబులు అంచు చుట్టూ రాసే చిన్న అక్షరాలు 1965 దాకా 'ది పార్లోఫోన్ కో' అని మొదలవుతాయి, తర్వాత 'ది గ్రామఫోన్ కో' అయింది. 1969లో పసుపు పోయి నలుపు మీద వెండి రంగు అక్షరాల లేబులు వచ్చింది, దాని మీద డబ్బాలో పార్లోఫోన్ మాతృసంస్థ ఈఎంఐ గుర్తు.

ఇప్పుడు నా కథ. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది ఒక ఆన్‌లైన్ అమ్మకందారు 'ఒరిజినల్ 1963 ఫస్ట్ ప్రెస్' అని పెట్టాడు, ఫొటోలో అట్ట మాత్రమే ఉంది, ప్లేటు లేబులు సరిగ్గా కనపడలేదు, నేను అడగలేదు. అట్ట నిజంగానే పాతది, అంచులు వెనక్కి మడిచి అంటించిన రకం, చూడగానే నమ్మేశాను. ఒక నెల అద్దెకి సరిపడా డబ్బు. పార్సిల్ విప్పితే లోపల పసుపు లేబులు, మధ్యలో ఆ 'సోల్డ్ ఇన్ యూకే' వాక్యం. అంటే 1964 తర్వాతది. పాత అట్టలో కొత్త ప్లేటు పెట్టి జోడీ కట్టారు. అట్ట ఒకళ్ళది ప్లేటు ఒకళ్ళది. తిరిగి తీసుకోమంటే సమాధానమే లేదు. ఆ రాత్రి లేబులు అంచు మీద అక్షరాలు ఒక్కొక్కటీ చదువుతూ కూర్చున్నాను, ఇవాళ మీకు చెప్తున్నదంతా ఆ రాత్రి మొదలైన చదువు.

కాబట్టి కుర్రాడూ, ఆయన్ని రెండు వైపులా లేబుళ్ళ ఫొటో అడుగు, అట్ట కాదు.

ఖరగ్‌పూర్_కుర్రాడు:
అడిగాను అన్నా. ఫొటో పంపారు. పసుపు లోగో. మధ్యలో మీరు చెప్పిన వాక్యం ఉంది. అంచున 'ది గ్రామఫోన్ కో' అనే ఉంది.

లండన్_చలి:
అంటే 1965 నుంచి 1969 లోపల నొక్కింది. మంచి ప్లేటే అయ్యుండొచ్చు, వినడానికి బ్రహ్మాండంగా ఉండొచ్చు. ఫస్ట్ ప్రెస్ మాత్రం కాదు. మీ నాన్నగారు తారీఖు వేసే నాటికి అది పుట్టిందో లేదో కూడా చెప్పలేం.

ఆబిడ్స్_ఆదివారం:
గిట్ల తారీఖు ఏసిన ప్లేటు ఇచ్చి గది తీస్కుంటవా అన్నా. ఆయనకు ఒక దండం పెట్టి ఫోన్ పెట్టెయ్.

ఖరగ్‌పూర్_కుర్రాడు:
పెట్టేశాను. మనసు తేలికపడింది. ఇప్పుడు నాన్నగారి ప్లేటు గురించి చెప్పండి. లేబులు మీద 'మేడ్ ఇన్ ఇండియా' అని ఉంది, గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా పేరు ఉంది.

పాతముల్లు:
అయితే అది దమ్ దమ్ ఫ్యాక్టరీలో నొక్కింది బాబూ, కలకత్తా పక్కనే. మన ఇళ్ళల్లో హెచ్‌ఎంవీ కుక్క బొమ్మ ప్లేట్లు, తెలుగు సినిమా పాటలూ, హరికథలూ, అన్నీ ఆ కంపెనీవే. మీ నాన్నగారి ఘంటసాల ప్లేట్లూ ఈ బీటిల్స్ ప్లేటూ ఒకే గేటులోంచి బయటికొచ్చి ఉంటాయి. ఖరగ్‌పూర్ నుంచి కలకత్తా రైల్లో రెండు గంటల పైచిలుకు దారి, అంత దగ్గర్లో పుట్టిన ప్లేటు అది.

ఇప్పుడు ఒక పని చెయ్యి. పాటలు అయిపోయాక లేబులు దాకా నున్నగా ఒక ఖాళీ పట్టీ ఉంటుంది చూడు, అక్కడ అక్షరాలు చెక్కి ఉంటాయి. ట్యూబులైటు కింద కనపడవు. గదిలో దీపాలన్నీ ఆర్పేసి ఫోన్ టార్చి ఒక్కటి వెలిగించి ప్లేటు అంచుకి దగ్గరగా పక్కనుంచి పట్టుకో, వెలుతురు వాలుగా పడాలి. ప్లేటు మెల్లగా తిప్పుతుంటే ఒక చోట గీతలు మెరుస్తాయి. అక్కడ ఏం రాసి ఉందో ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసుకో, ఊహించి రాయకు.

ఇంగ్లండు హేజ్ ఫ్యాక్టరీ ప్లేట్లలో అయితే గడియారంలా చూడాలి. 6 గంటల చోట మ్యాట్రిక్స్ నెంబరు, అంటే ఆ వైపు గాడి కోత నెంబరు. 9 గంటల చోట మదర్ ఎన్నోదో అంకె. 3 గంటల చోట స్టాంపరు ఎన్నోదో అక్షరాల్లో. ఆ అక్షరాలకి ఒక గుట్టు ఉంది, జి ఆర్ ఎ ఎం ఓ పి హెచ్ ఎల్ టి డి, గ్రామఫోన్ లిమిటెడ్ అన్న మాటల్లోంచి పది అక్షరాలు ఏరుకున్నారు. జి అంటే 1, ఆర్ 2, ఎ 3, ఎం 4, ఓ 5, పి 6, హెచ్ 7, ఎల్ 8, టి 9, డి సున్నా. 'జిఓ' అని ఉంటే 15వ స్టాంపరు. ఒట్టి 'జి' ఉంటే మొదటి స్టాంపరు, దొరికితే కళ్ళకద్దుకోవాలి.

కొత్తగా_మొదలు:
అండీ ఇది చదివి నా దగ్గరున్న వేరే ఇంగ్లండు ప్లేటు ఒకటి టార్చి వేసి చూశాను, 3 గంటల దగ్గర నిజంగానే 'ఆర్ ఎం' అని ఉంది! 24వ స్టాంపరు! పదేళ్ళుగా ఇంట్లో ఉంది ఎప్పుడూ చూడలేదు, చెయ్యి వణికింది.

పాతముల్లు:
అంతేనండీ, ఒకసారి చదవడం వచ్చాక ఇంట్లో ఏ ప్లేటునీ వదలరు.

జెర్సీ_అక్క:
అమెరికా సంగతి కూడా చెప్పాలి ఇక్కడ, ఎందుకంటే మనవాళ్ళు సెలవులకి వచ్చినప్పుడు పాత సామాన్ల దుకాణాల్లో కనపడగానే కొనేసి తర్వాత బాధపడుతున్నారు.

ఇక్కడ 'ప్లీజ్ ప్లీజ్ మీ' అనే పేరుతో అప్పట్లో రాలేదు. వీ-జే అని చిన్న కంపెనీ, ఇండియానా రాష్ట్రం గ్యారీ ఊళ్ళో మొదలైంది, నల్లజాతి వాళ్ళది, వాళ్ళకి హక్కులు వచ్చాయి. 1964 జనవరిలో 'ఇంట్రొడ్యూసింగ్ ద బీటిల్స్' అని 12 పాటలతో వేశారు. అందులో 'లవ్ మీ డూ', 'పీఎస్ ఐ లవ్ యూ' ఉన్నాయి, కానీ ఆ రెండు పాటల అమెరికా హక్కులు క్యాపిటల్ కంపెనీ వాళ్ళ పబ్లిషింగ్ సంస్థ దగ్గర ఉన్నాయి, వాళ్ళు కోర్టుకెళ్ళి ఆపించారు. అప్పుడు వీ-జే వాళ్ళు ఆ రెండూ తీసేసి 'ప్లీజ్ ప్లీజ్ మీ', 'ఆస్క్ మీ వై' పెట్టి మళ్ళీ వదిలారు. కాబట్టి రెండు వెర్షన్లు. మొదటి దాంట్లో కూడా అట్ట వెనకాల వీ-జే వాళ్ళ వేరే ఆల్బమ్‌ల ప్రకటనలు వేసినవి, ఏమీ వెయ్యకుండా తెల్లగా వదిలేసినవి, పాటల పేర్లు వేసినవి, ఇలా రకాలు.

ఇంకో ముచ్చట, మొదటి పాట ముందు పాల్ మెకార్ట్నీ 'వన్ టూ త్రీ ఫోర్' అని లెక్కపెడతాడు కదా, వీ-జే ప్లేటులో మొదటి మూడూ కోసేశారు, 'ఫోర్' ఒక్కటే వినిపిస్తుంది. ఎవరో తప్పనుకుని సరిచేశారేమో.

ఇప్పుడు జాగ్రత్త: ఈ ఆల్బమ్‌కి దొంగ ప్రింట్లు కోకొల్లలు. నేను కొన్న మొదటిదీ దొంగదే. ఇప్పుడు కొనేముందు ఇలా చూస్తాను: లేబులు మీద ఆల్బమ్ పేరూ బీటిల్స్ అన్న పేరూ రెండూ మధ్య చిల్లుకి పైనే ఉండాలి. ఒకటి చిల్లు పైన, ఒకటి చిల్లు కింద ఉంటే అది దొంగది, ఇంక మాట్లాడక్కర్లేదు. అట్ట ఫొటోలో జార్జ్ హారిసన్ నీడ కనపడాలి కుడివైపు, దొంగ వాటిల్లో అది మాయం. స్టీరియో అని పెద్దగా రాసి లోపల మోనో ఉండేవీ ఎక్కువే.

ఆబిడ్స్_ఆదివారం:
అక్కా నీడ సంగతి నాకు తెల్వది, సేవ్ చేస్కున్న. మా దోస్తు ఒకడు చికాగో నుంచి తెస్తా అన్నడు, వానికి పంపుత.

నా దగ్గర ఉన్నయి చెప్త. ఒకటి 1970ల ఇంగ్లండు స్టీరియో, వెండి లేబులు, ఆబిడ్స్‌ల ఆదివారం రోడ్డు మీద పుస్తకాల మధ్యల దొరికింది, 300 రూపాయలు. అట్ట వానకు తడిసి ప్లాస్టిక్ పొర లేచిపోయింది, నలుగురి మొహాల మీద తెల్ల మచ్చలు. కానీ ప్లేటు కడిగి పెడితే చిటపట లేదు, అద్దం లెక్క. ఇంకోటి 2012ల వచ్చిన స్టీరియో రీఇష్యూ, అది కొత్తది కొన్న. 2009 సీడీల కోసం చేసిన డిజిటల్ రీమాస్టర్ నుంచి కోసిన్రు అది. శుభ్రంగ ఉంటది, సాయంత్రం ఇంటికొచ్చి ఏమి ఆలోచించకుండ పెట్టుకుంటందుకు మంచిది, కానీ ఆబిడ్స్‌ల దొరికిన పాత ప్లేటుకు ఉన్న ఆ గొంతు దగ్గరితనం దానికి రాదు.

మోనో_మాత్రమే:
రీఇష్యూ కొనాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. 2014లో మోనో ఆల్బమ్‌లు కలిపి ఒక బాక్సు వచ్చింది, విడి ప్లేట్లు కూడా వచ్చాయి. అందులో డిజిటల్ మెట్టు లేకుండా పాత మోనో టేపుల నుంచే నేరుగా కోశారు, షాన్ మెగీ, స్టీవ్ బర్కోవిట్జ్ అని ఇద్దరు కూర్చుని, పాత ఇంజినీర్ల నోట్సు పక్కన పెట్టుకుని చేశారు. బంగారు లేబులు కొనలేని మనలాంటి వాళ్ళకి అంతకంటే దగ్గరికి వెళ్ళే దారి లేదు. నా కాపీ జీతం మొదటి నెల వచ్చినప్పుడు కొన్నది, ఇప్పటికీ లోపలి కవరు మీద వేలిముద్ర పడనివ్వను.

1987లో సీడీ మొదటిసారి వచ్చినప్పుడు కూడా మోనోనే ఇచ్చారు, మొదటి నాలుగు ఆల్బమ్‌లూ అంతే. చాలామంది చౌక సీడీ అని పారేశారు. ఉంటే దాచుకోండి.

కొత్తగా_మొదలు:
బంగారు లేబులు స్టీరియో అంత ఖరీదు ఎందుకండీ? వేల పౌండ్లు అని విన్నాను. మోనోనే మంచిది అంటున్నారు కదా మళ్ళీ.

లండన్_చలి:
వినడానికి కాదు, దొరకదు కాబట్టి. స్టీరియో వచ్చింది ఏప్రిల్ ఆఖర్లో, అప్పటికే లేబులు డిజైను మారబోతోంది, పైగా ఆ రోజుల్లో పిల్లల ఇళ్ళలో స్టీరియో ప్లేయరు ఎక్కడిది? కాబట్టి బంగారు లేబులు మీద స్టీరియో నొక్కినవే బహు కొద్ది. మోనో అయితే జనం విరగబడి కొన్నారు, ఆల్బమ్ 30 వారాలు వరసగా చార్టులో మొదటి స్థానంలో ఉంది. నేను బంగారు స్టీరియో ఒకే ఒక్కసారి చేత్తో పట్టుకున్నాను, ఒక రికార్డుల సంతలో, అద్దాల పెట్టెలోంచి తీసి ఇచ్చాడు పెద్దాయన, రెండు చేతుల అంచులతో పట్టుకుని లేబులు చూసి ఇచ్చేశాను. ధర అడగలేదు.

ఖరగ్‌పూర్_కుర్రాడు:
టార్చి వేసి చూశాను పాతముల్లు గారూ. రాత్రి పదకొండయింది, అమ్మ 'కరెంటు పోయిందా' అని లేచొచ్చింది. మొదటి వైపు 6 గంటల దగ్గర ఎక్స్‌ఈఎక్స్ 421 అని ఉంది, గీత పెట్టి 1ఎన్. 3 గంటల దగ్గర ఎంత వెతికినా ఏమీ కనపడలేదు.

పాతముల్లు:
421-1ఎన్! బాబూ, ఇంగ్లండు మోనో మొదటి వైపు కోత నెంబరు అదే. బంగారు లేబులు కాపీలో ఉండేదీ అదే. అంటే 1963లో అబ్బే రోడ్‌లో కోసిన గాడే మీ ఇంట్లో ప్లేటు మీద ఉంది, అక్కడి లోహపు అచ్చు ఓడెక్కి దమ్ దమ్ దాకా వచ్చిందన్నమాట. ప్లాస్టిక్కు మనది, గాడి వాళ్ళది.

ఒక్క జాగ్రత్త అందరికీ, 1ఎన్ చూసి ఫస్ట్ ప్రెస్ అనుకోకండి. పసుపు లేబులు మోనోల్లో కూడా అదే కోత వాడారు. లేబులు, అంచు అక్షరాలు, అన్నీ కలిపి చదవాలి.

మోనో_మాత్రమే:
కుర్రాడి అన్నా, బంగారు లేబులు వాడు వేల రూపాయలు పోసి కొనుక్కునే గాడి మీ ట్రంకు పెట్టెలో ఉంది. నాకు ఒళ్ళు జలదరించింది చదువుతుంటే.

పాతముల్లు:
దమ్ దమ్ అనగానే ఇంకో మాట చెప్పాలి. ఇంగ్లండులో 78 స్పీడు ప్లేట్లు 1960 నాటికే ఆపేశారు, కానీ మన దేశంలో కరెంటు లేని ఇళ్ళల్లో కీ ఇచ్చే గ్రామఫోన్లు ఉండేవి కాబట్టి దమ్ దమ్‌లో లక్క ప్లేట్లు ఇంకా వేస్తూనే ఉన్నారు, బీటిల్స్ సింగిల్స్ కూడా 78 మీద వేశారు. డీపీఈ అనే అక్షరాలతో నెంబరు మొదలవుతుంది. ప్రపంచంలో రికార్డులు పోగుచేసేవాళ్ళందరూ ఇవాళ వాటి కోసం మన దేశం వైపు చూస్తున్నారు. నా దగ్గర ఒకటుంది, మా రాజమండ్రిలో ఒక పాత ఇంటి అటక మీద, ఊక బస్తా కింద దొరికింది. అంచు చిన్న పెచ్చు ఊడింది, అయినా పాట మొదలయ్యేది ఆ పెచ్చు దాటాకే.

ఎవరికైనా దొరికితే రెండు విషయాలు. 78ని స్పిరిటుతో తుడవకండి, లక్క కరిగిపోతుంది. ఎల్పీ ముల్లుతో వెయ్యకండి, 78 గాడి చాలా వెడల్పు, సన్న ముల్లు గాడి అడుగున దొర్లుతూ చెత్తంతా చదువుతుంది, వేరే లావు ముల్లు పెట్టాలి.

ఖరగ్‌పూర్_కుర్రాడు:
నాన్నగారి ఎల్పీ ఎలా కడగాలి? ఇంకా వెయ్యలేదు, భయంగా ఉంది. రెండో వైపు చివరి పాట దగ్గర గాళ్ళు మిగతా వాటిలా నల్లగా లేవు, బూడిద రంగులో ఒక పట్టీలా ఉంది. బూజా?

ఆబిడ్స్_ఆదివారం:
డిస్టిల్డ్ వాటర్ తీస్కో, బ్యాటరీకి పోసేది కాదు, మెడికల్ షాపుల అడుగు. అందుల గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, ఒక్కటే. మెత్తటి బ్రష్‌తోని గాడి ఎటు తిరిగితే అటే తిప్పు, అడ్డం రుద్దకు. లేబులు మీద నీళ్ళు పడకుండ ఒక మూత పెట్టు. మళ్ళ ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తోని కడిగి నిలబెట్టి ఆరబెట్టు. ఫ్యాన్ కింద వద్దు, దుమ్ము పడతది.

లండన్_చలి:
ఆ బూడిద పట్టీ కడిగినా పోకపోతే అది బూజు కాదు, అరుగుదల. పాత ప్లేయర్ల ముల్లు బరువుగా ఉండేది, ఒకే పాట పదే పదే వేస్తే గాడి గోడలు గీసుకుపోయి అలా తెల్లబారతాయి. రెండో వైపు చివరి పాట అంటే 'ట్విస్ట్ అండ్ షౌట్'. ఆ రోజు స్టూడియోలో కూడా ఆఖర్న రికార్డు చేసింది అదే, జాన్‌కి జలుబు, రోజంతా పాడి గొంతు అయిపోయింది, మిగిలిన దాంతో ఒక్క టేకులో పాడేశాడు, ప్లేటు మీద ఉన్నది ఆ మొదటి టేకే.

ఇంకోటి, మోనో ప్లేటుని స్టీరియో ముల్లుతో వేస్తుంటే ఆంప్లిఫయరు మీద మోనో బటన్ నొక్కండి. మోనోలో పాట అంతా గాడి అడ్డంగా ఊగే దాంట్లో ఉంటుంది, నిలువుగా ఎగిరేది ఒట్టి చిటపటే, బటన్ నొక్కితే అది చాలామటుకు పోతుంది.

ఖరగ్‌పూర్_కుర్రాడు:
నిన్న ఆదివారం కడిగాను. మీరు చెప్పినట్టే మూత పెట్టి, మెత్తటి బ్రష్‌తో. నీళ్ళు టీ రంగులో దిగాయి. ఆ బూడిద పట్టీ పోలేదు.

మోనో బటన్ నొక్కి వేశాను. పాల్ లెక్కపెట్టడం నాలుగూ వినిపించాయి జెర్సీ అక్కా. మొదటి వైపు ఎంత బాగుందంటే చెప్పలేను, గిటార్ ఇంట్లో ఉన్నట్టు ఉంది. రెండో వైపు చివరి పాటకి వచ్చేసరికి అరుపులు చీరుకుపోతున్నాయి, గరగర, సింబల్స్ తెలియట్లేదు. వంటింట్లోంచి అమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. మీ నాన్న డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విప్పి ముందు ఈ పాట వేసేవారు, అయిపోగానే ముల్లు లేపి మళ్ళీ ఇదే వేసేవారు, అత్తయ్య తిట్టేది, అంది. నాకు ఊహ తెలిసేసరికి ప్లేయరు పాడైపోయింది, నేనెప్పుడూ చూడలేదు ఇది. ఆ పట్టీ ఆయన అరగదీసింది.

ఇంగ్లండు కాపీ కూడా కొంటాను, మెల్లగా, లేబులు చూసుకుని. ఇది మాత్రం కదలదు.

ఆబిడ్స్_ఆదివారం:
అన్నా, అమ్మకు నమస్తే చెప్పు.

జెర్సీ_అక్క:
తమ్ముడూ, ఆ పాట ఫోన్‌లో రికార్డు చేసి ఉంచు, గరగరతో సహా. అమ్మ మాటలు కూడా.

మోనో_మాత్రమే:
అన్నా నా దగ్గర లోపలి కవర్లు ఎక్కువ ఉన్నాయి, కాగితం లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉన్న రకం, 12 అంగుళాలవి. అడ్రసు మెసేజ్‌లో పెట్టండి, నాలుగు పంపిస్తాను. పాత కాగితం కవరు పారేయకండి, ప్లేటు కొత్త దాంట్లో పెట్టి పాతది అట్టలోనే ఉంచండి. ట్రంకు పెట్టెలో పడుకోబెట్టకుండా నిలబెట్టండి.

పాతముల్లు:
బాబూ, రెండో వైపు నెంబరు ఇంకా చెప్పలేదు నువ్వు. 422 ఉండాలి. గీత తర్వాత ఏముందో చూసి రాయి.

ఖరగ్‌పూర్_కుర్రాడు:
చూశాను గురువుగారూ. ఎక్స్‌ఈఎక్స్ 422, గీత, 1ఎన్. ఈసారి టార్చి అమ్మ పట్టుకుంది.